కాలివేళ్ళు చెప్పిన మాట

ముందు చప్పుడొచ్చింది.

నానిన పిండిముద్దను బల్లమీద చరిచినట్టు, చప్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ చప్. ఆసుపత్రి వసారా ఆ చివరినుంచి ఒక్కో గుమ్మమూ దాటుకుంటూ, తొందర లేకుండా వస్తోంది. కిటికీ అవతల లోయంతా సన్నటి వాన. ఎస్కర్నె గోడవైపు తిరిగి పడుకుని వింటోంది. రేవులో కట్టేసిన పడవ కడుపుమీద చిన్న అల తట్టినప్పుడు ఇలాగే ఉంటుంది. రెండు రోజులుగా ఆమె చెవులు ఈ గోడల మధ్య సముద్రాన్ని వెతుక్కుంటున్నాయి. ఇప్పటికి దొరికింది.

"వస్తున్నాడు," అంది పక్క మంచంమీది దొమింగ. ఎనభై దాటిన కొండరైతు ముసలమ్మ. పిత్తాశయంలో రాళ్ళకని చేరింది. కొవ్వు ముట్టుకోవద్దన్నారని దిండు గలీబులో ఎండు సాసేజి ముక్క ఒకటి దాచుకుంది.

"ఎవరు?"

"బాలెందిన్. నిన్ను పడుకోబెట్టడానికి."

"పడుకునే ఉన్నానుగా."

"ఇది పడుకోవడం కాదటమ్మాయ్. ఆయనొచ్చి నేర్పాలట. నేను పడుకోవడం రాకుండానే అయిదుగుర్ని కన్నాను."

గుమ్మంలో మనిషి కనిపించాడు. పొట్టివాడు, అరచేతులు మాత్రం రొట్టెలు కాల్చే పెనాలంత వెడల్పు. నెరిసిన మీసం. దారంతో మెడలో వేలాడే కళ్ళద్దాలు. మూడు లీటర్ల సెలైన్ సంచిని చంటిపిల్లలా భుజానికెత్తుకుని ఉన్నాడు. దాని వీపుమీద ఇంకోసారి చరిచి, పుచ్చకాయ బేరమాడేవాడిలా తల వంచి విన్నాడు.

"కొంచెం ఎక్కువ నిండింది," అన్నాడు తనలో తనే. తర్వాత ఆమెకేసి చూశాడు. "ఎస్కర్నె గారేనా? బెర్మెయో రేవునుంచి? కుడి మూత్రపిండం, ఎండు అంజూరమంత రాయి?"

"రాయి నాదే. నువ్వెవరయ్యా?"

"రేపు పొద్దున మిమ్మల్ని ఆపరేషన్ బల్లమీద పడుకోబెట్టేవాణ్ణి. ఈ సాయంత్రం ఒకసారి పడుకుని చూద్దాం. పదండి."

ఆమె లేచింది. లేచేటప్పుడు బరువంతా కుడిచేతిమీదే మోపింది. ఎడమ భుజాన్ని ఎలా దాచుకోవాలో ఆమెకి బాగా తెలుసు.

*

ఆ భుజం సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. నవంబరులో రేవు ఏటవాలు మెట్లమీద జారి ఎడమ భుజంమీద పడింది. లేచి, స్కర్టు దులుపుకుని, వల దగ్గరకెళ్ళి కూర్చుంది. అప్పటినుంచి చెయ్యి పక్కకు చాపితే లోపల ఎక్కడో ఒక దారం తెగుతున్నట్టుంటుంది.

ఆమె పదిహేనో ఏటినుంచి వలలు బాగుచేస్తోంది. ఇప్పుడు యాభై ఏడు. బెర్మెయో ఆడవాళ్ళు రేవు రాళ్ళమీద చాపిన కాళ్ళతో వరసగా కూర్చుంటారు. తెగిన వలను కాలివేళ్ళతో బిగించి పట్టి, ఎడమచేతి చివరి రెండు వేళ్ళతో వల కన్ను కొలిచి, కుడిచేత్తో సూది నడుపుతారు. ఎస్కర్నె చోటు గోడ వారన. వాయవ్యపు గాలి తగలని చోటు, ముప్ఫై ఏళ్ళకి గాని దక్కని చోటు. అక్కడ ఒక రివాజు ఉంది. నొప్పి అన్న మనిషిని ఎవరూ తిట్టరు, వెళ్ళగొట్టరు. మర్నాడు ఆమెని వలని తేల్చే బెండ్ల వైపు కూర్చోబెడతారు. బెండ్లకి తాడు చుట్టడం ముసలివాళ్ళ పని. అటు వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ వల దగ్గరికి రాలేదు. అందుకే ఆ వరసలో నలభై ఏళ్ళుగా ఎవరికీ ఏ నొప్పీ లేదు.

జనవరిలోనే ఆపరేషన్ జరగాల్సింది. ఆ ముందురోజు జ్వరం వచ్చి వాయిదా పడింది. ఇది మార్చి సగం. ఏప్రిల్‌లో ఆంచొవీ చేపల వేట మొదలవుతుంది. మూడు పడవల వలలు రాళ్ళమీద ఎదురుచూస్తున్నాయి. వలల పెద్ద కొంత్చి ఫోనులో మెత్తగానే చెప్పింది: "నీమీద కోపం లేదు ఎస్కర్నె. కాని వల ఆగదు కదా."

ఇంకోసారి వాయిదా పడితే గోడవారన చోటు పోతుంది. భుజం మాట బయటపడితే వాయిదా తప్పదని ఆమె గట్టి నమ్మకం.

*

వసారా చివర చిన్న గది. అందులో ఎప్పుడో పక్కన పెట్టేసిన పాత ఆపరేషన్ బల్ల. దాని పక్కకు చెయ్యి పెట్టుకునేందుకు బీచ్ చెక్క పలక ఒకటి బిగించి ఉంది. అంచులు ఎంత నున్నగా ఉన్నాయంటే ఎస్కర్నె చెయ్యి తనంతట తనే దానిమీదికి పోయింది.

"ఇది ఆసుపత్రి చేసింది కాదు," అంది.

"నేను చేసిందే. కుర్చీల పనివాణ్ణి. నా ముప్ఫై ఒకటో ఏడు దాకా అదే పని. తర్వాత మా కొండ ఊళ్ళో కార్ఖానా మూతపడింది. వీళ్ళు స్ట్రెచర్లు తోసేవాడు కావాలన్నారు, వచ్చాను. కుర్చీకి నాలుగు కాళ్ళు, స్ట్రెచర్‌కి నాలుగు చక్రాలు. పెద్ద తేడా ఏముంది అనుకున్నాను."

"తేడా ఉందా?"

"కుర్చీ మూలగదు."

ఆమెని వెల్లకిలా పడుకోబెట్టాడు. కుడి పక్క బల్ల అంచుదాకా జరిపాడు. పక్కటెముకల కిందినుంచి తుంటి దాకా సంచి దూర్చాడు. అది చల్లగా లోపలికి జారి, ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి, ఆమె నడుముని జానెడు పైకెత్తింది. కుడిచెయ్యి మడిచి ఛాతీమీద దిండు పెట్టి దానిమీద ఆనించాడు. కుడికాలు చాపించాడు. ఎడమకాలిని మోకాటి దగ్గర మడిచి, పక్కకు తీసి, ఎత్తైన మెత్తటి తొట్టిలాంటి దాంట్లో కూర్చోబెట్టాడు. పోటు తగ్గినప్పుడు ఒక పక్కకు ఒరిగి ఇసుకలో కూర్చున్న పడవలా ఉన్నాననుకుంది ఎస్కర్నె.

"ఎందుకింత వంకర?"

"రాయికి దారి కావాలి. డాక్టరు నడుం పక్కనుంచి పెన్సిలంత గొట్టం పెడతారు. కిందనుంచి ఇంకో డాక్టరు సాయం చేస్తారు. ఇద్దరికీ చోటుండాలి. పగిలిన ముక్కలు నీళ్ళతో పాటు వాటంగా బయటికి జారాలి. ఇదివరకు బోర్లా పడుకోబెట్టేవాళ్ళం. మీ ఆయాసానికి బోర్లా పడుకుంటే ఊపిరాడదు."

"అందుకేనా నడుం కింద మాత్రమే మొద్దుబారుస్తామంది మత్తు డాక్టరమ్మ?"

"అందుకే. మీరు మేలుకునే ఉంటారు. ఇప్పుడు ఎడమచెయ్యి పలకమీద చాపండి."

ఆమె చాపింది. దారం తెగింది. మొహంమీద ఒక్క ముడత కూడా కదలనివ్వలేదు.

"పావుగంట ఇలాగే ఉందాం," అంటూ ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మడమ ఒత్తుకుంటోందా?"

"లేదు."

"మెడ?"

"బాగానే ఉంది."

"ఎడమ భుజం?"

"బాగానే ఉంది."

ఆయన లేచి పలకని ఒక మెట్టు పైకి జరిపాడు. "ఇప్పుడు?"

"బాగానే ఉందన్నాను కదా."

బాలెందిన్ బల్ల కాళ్ళవైపు వెళ్ళి నిలబడ్డాడు. కళ్ళద్దాలు పెట్టుకుని కిందికి వంగాడు. "మరి వీళ్ళెవరు?"

"ఎవరు?"

"ఈ ఇద్దరూ. మీ కుడికాలి బొటనవేలు, దాని పక్కది. నేను పలక కదపగానే దుప్పటి అంచు పట్టుకుని బిగించారు. మీ నోరొకటి చెప్తోంది, వీళ్ళింకోటి చెప్తున్నారు. నేనెవర్ని నమ్మను?"

ఎస్కర్నె తల ఎత్తి చూసింది. నిజమే. రెండు వేళ్ళూ దుప్పటిని వలలా పట్టుకుని ఉన్నాయి. వదలమని వాటికి చెప్పింది. అవి నెమ్మదిగా, ఇష్టం లేనట్టు వదిలాయి.

"అలవాటు," అంది. "వల పట్టుకునే వేళ్ళవి."

"ఎప్పుడు పట్టుకుంటాయి?"

"జారిపోతుందనిపించినప్పుడు."

 ఆమె పైకప్పుకేసి చూస్తూ అడిగింది. "పెద్ద డాక్టరుకి చెప్తారా?"

"ఏమని?"

"భుజం మాట. చెప్తే మళ్ళీ వాయిదా వేస్తారు."

"జ్వరానికి వేస్తారు గాని భుజానికెందుకు వేస్తారమ్మా? పలకని నాలుగు వేళ్ళు కిందికి దించుతాను. మోచేతి దగ్గర కాస్త వంచుతాను. అంతే."

"అంతేనా?"

"నాలుగు వేళ్ళు. కావాలంటే అయిదు."

అన్నట్టే దించాడు. తెగే దారం తెగడం మానేసింది. నాలుగు నెలలుగా రాత్రిళ్ళు ఎటు ఒత్తిగిలినా వదలని నొప్పి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయిందని తెలిసి ఎస్కర్నెకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"చిక్కు ఇది కాదు తల్లీ," అన్నాడు బాలెందిన్, స్టూలుమీద మళ్ళీ కూర్చుంటూ. "రేపు నడుం కింద మందిస్తారు. ఈ వేళ్ళిద్దరూ నిద్రపోతారు. రెండు గంటల పనిలో బల్ల అటూ ఇటూ ఒరుగుతుంది, ఒళ్ళు జారుతుంది. పైన గుడ్డలు కప్పేస్తారు, నాకేమీ కనబడదు. చేతికి ఎక్కడ ఒత్తుకుందో నాకు మీ నోరొక్కటే చెప్పాలి. ఆ నోరు చూస్తే అబద్ధాల నోరు."

"మాటలు జాగ్రత్తయ్యా."

"జాగ్రత్తగానే అంటున్నాను. పదిహేనేళ్ళ కిందటి మాట. అకార్డియన్ వాయించే పంత్చో అని ఒకాయన, పెళ్ళిళ్ళకీ జాతరలకీ ఆయన లేనిదే జరగదు. బోర్లా పడుకోబెట్టే రోజులు. ఆయన్ని నేనే పడుకోబెట్టాను. చేతులు తలపైకి పెట్టి, మూడు గంటలు. రాయి మొత్తం వచ్చింది, డాక్టర్లు సంబరపడ్డారు. లేచాక అడిగాను, చేతులెలా ఉన్నాయని. బాగానే ఉన్నాయన్నాడు. మీలాగే. ఆ వేసవిలో వాళ్ళ ఊరి జాతరకి వెళ్ళాను. మూడు వేళ్ళతో వాయిస్తున్నాడు. మిగతా రెండూ మీటలమీద ఊరికే పడుకుని ఉన్నాయి. జనం గంతులేస్తున్నారు, ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. నన్ను చూసి ఆయన నవ్వాడు కూడానూ."

"తర్వాత?"

"ఎనిమిది నెలలకి ఒక వేలు తిరిగొచ్చింది. రెండోది రాలేదు."

ఆయన తన పెద్ద అరచేతుల్ని మోకాళ్ళమీద బోర్లించుకుని వాటికేసి చూశాడు. "మా కార్ఖానా ముసలాయనకి ఒక పట్టు ఉండేది. ఏ కుర్చీ అయినా చేసినవాడు అందులో కూర్చుని పూర్తిగా భోంచెయ్యాలి. పులుసు దగ్గర్నుంచి జున్ను దాకా. అప్పుడు గాని అమ్మకానికి పెట్టేవాడు కాదు. పంత్చో తర్వాత నాకది గుర్తొచ్చింది. ఆ వారమే బల్లమీద నేను పడుకున్నాను. అరగంట. ఎక్కడెక్కడ ఒత్తుకుంటుందో అప్పుడు తెలిసింది. కొత్తగా వచ్చే డాక్టర్లనీ పడుకోబెడతాను. డాక్టర్ ఉర్కిసా వచ్చిన మొదటిరోజు పది నిమిషాలకే లేచిపోతానన్నారు. ఇంకో పది ఉంచాను."

 గోడ గడియారం పావుగంట దాటింది.

"నొప్పి అనే మాట నాకు రాదు," అంది ఎస్కర్నె. దాచుకున్నట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

"నాకు ఆ మాటే కావాలని లేదు. ఏదో ఒక మాట. నాకు వినబడితే చాలు."

గదికి తిరిగొచ్చాక దొమింగ అడిగింది, "నేర్చుకున్నావా పడుకోవడం?"

"పడుకోవడం వచ్చింది. ఇంకోటి మిగిలింది."

"ఏంటది?"

"చెప్పడం," అని గోడవైపు తిరిగింది ఎస్కర్నె.

"అదైతే నన్నడుగు," అంది దొమింగ. ఆ సాయంత్రమంతా తన అయిదు కాన్పుల కథలూ, ఆవు పొడిచిన కథా, తన మొగుడి మొండితనం కథా చెప్తూనే ఉంది.

*

పొద్దున చప్పుడు మళ్ళీ వినిపించింది. చప్. ఈసారి తల పక్కనే.

"సరిపోయింది," అన్నాడు బాలెందిన్.

వెన్నులో సూది దిగింది. కాళ్ళలో వెచ్చదనం పాకింది, తర్వాత కాళ్ళే వెళ్ళిపోయాయి. ఆయన ఎడమకాలిని ఎత్తి తొట్టిలో కూర్చోబెడుతుంటే, ఎవరివో కాళ్ళని ఎవరో మోసుకెళ్తున్నట్టు చూసింది. పలక నాలుగు వేళ్ళు కిందికే ఉంది. మోచేతి కింద మెత్త పెట్టాడు, అరచెయ్యి ఆకాశంవైపు తిప్పాడు. ఛాతీమీదున్న కుడిచేతి కింద దిండు సర్దాడు. గడ్డం దగ్గర పచ్చటి తెర లేచింది. తెరకి అవతల డాక్టర్ ఉర్కిసా గొంతు, నీళ్ళ చప్పుడు. ఇవతల తలవైపు మత్తు డాక్టరమ్మ. గోడ దగ్గర బాలెందిన్, శనివారాలు ఎనిమిదిమంది మగవాళ్ళతో కలిసి సారాకొట్లో పాడే పాటలోని మంద్రస్వరం మాత్రం ముక్కుతో తీస్తూ.

టిక్.

"అదేంటి?" అడిగింది ఎస్కర్నె.

"మీ అంజూరం. మొదటి ముక్క," అన్నారు డాక్టరు.

టిక్. టిక్. స్టీలు గిన్నెలో వడగళ్ళు పడుతున్నట్టుంది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర మర్చిపోయింది. బల్లని కొంచెం ఇటు ఒరిగించమన్నారు డాక్టరు. ఒరిగించారు. మళ్ళీ టిక్.

ఎప్పుడు మొదలైందో తెలియదు. ఎడమచేతి చిటికెనవేలి చివర చిన్న వెచ్చదనం. తర్వాత చీమలు. చీమలు ఉంగరపు వేలికీ ఎక్కాయి. ఇంకొంచెం సేపట్లో అయిపోతుందిలే అనుకుంది. నలభై రెండేళ్ళుగా ప్రతి నొప్పికీ చెప్పుకున్న మాటే. గాలికి వేళ్ళు పగిలినప్పుడూ అదే, నవంబరులో మెట్లమీద పడ్డప్పుడూ అదే. డాక్టరు పనిలో ఉన్నారు. ఇంతమంది తనకోసం నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఆపమంటే ఏమనుకుంటారు?

చీమలు తగ్గుతున్నాయి. వాటి చోట దూది వస్తోంది.

అలవాటుకొద్దీ కాలివేళ్ళు బిగించబోయింది. ఏదైనా జారుతున్నప్పుడు ఒళ్ళు మొదట చేసే పని అదే. అక్కడ ఏమీ లేదు. బొటనవేలు లేదు, దాని పక్కది లేదు. వల మొత్తం ఆమె ముందునుంచి నిశ్శబ్దంగా నీళ్ళలోకి జారిపోతోంది, పట్టుకునేవాళ్ళు లేరు.

రేవులో తెగిన చోటు కనిపించినప్పుడు ఆ చోటు గట్టిగా చెప్పాలి, వరసలో చివరి మనిషికి కూడా వినబడేలా. అది మాత్రం ఆమెకి బాగా వచ్చు. గొంతు దానంతటదే లేచింది.

"ఎడమ పాయ. అంచునుంచి మొదటి కన్ను, రెండో కన్ను. జారుతున్నాయి."

మత్తు డాక్టరమ్మ వంగి చూసింది. "ఏమంటోంది? మందు తలకెక్కిందా?"

"లేదమ్మా." బాలెందిన్ పాట ఆగిపోయింది. ఆయన అప్పటికే బల్ల దగ్గరున్నాడు. "ఎడమచెయ్యి. చిటికెనవేలు, ఉంగరపు వేలు. అంతేనా తల్లీ?"

"అంతే."

"డాక్టర్, రెండు నిమిషాలు చేతులు తియ్యండి."

"పెద్ద ముక్క సగంలో ఉంది బాలెందిన్."

"రాయెక్కడికీ పారిపోదండి. ఇంకో అయిదు నిమిషాలకి వేళ్ళు పారిపోతాయి."

తెరకి అవతల ఒక్క క్షణం నీళ్ళ చప్పుడు మాత్రమే ఉంది. తర్వాత అదీ ఆగింది. "తీశాను," అన్నారు డాక్టర్ ఉర్కిసా.

బాలెందిన్ గుడ్డల కిందికి చెయ్యి పోనిచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు, చీకట్లో బీరువా వెనక పడ్డ గోలీకాయ కోసం వెతుకుతున్నవాడిలా. బల్ల ఒరిగినప్పుడు ఒళ్ళు రెండు వేళ్ళ మేర ఎడమకి జారింది. మోచెయ్యి మెత్తమీదినుంచి దిగి పలక అంచుకి ఆనింది. తన చేత్తో నున్నగా చేసిన అంచే. అరచేతిని భుజం కిందికి పంపి ఆమెని మెల్లగా ఎత్తాడు, మోచేతిని లోపలికి తీసుకొచ్చాడు, మెత్త సర్ది దానిమీద పడుకోబెట్టాడు.

"ఇప్పుడు?"

"చీమలు మళ్ళీ వచ్చాయి."

"రానివ్వండి. చీమలంటే చుట్టాలు. వాళ్ళు వస్తేనే ఇంట్లో మనుషులున్నట్టు."

అందరూ ఎదురుచూశారు. ఎస్కర్నె చూపు పైన దీపంమీద ఉంది. మనసు మాత్రం రెండు వేళ్ళ చివర కూర్చుని ఉంది.

"ఉంగరపు వేలు వచ్చింది," అంది. కాసేపాగి, "చిటికెనవేలు సగం."

"సగం చాలు. మిగతా సగం దారిలో ఉంది," అన్నాడు బాలెందిన్.

"పని మొదలెట్టమంటారా, రేవు పెద్దమ్మ గారూ?" అడిగారు డాక్టరు.

"పెట్టండి," అంది ఎస్కర్నె. "మళ్ళీ జారితే మళ్ళీ చెప్తాను."

టిక్.

*

సాయంత్రం బాలెందిన్ నైలాను దారం, చెక్క వలసూది తెచ్చాడు. సూది ఎక్కడిదని అడిగితే, మధ్యాహ్నం భోజనాల వేళ చెక్కానన్నాడు. మంచం కడ్డీకి దారం కట్టి ఎస్కర్నె పది కళ్ళు అల్లింది. ఆయన ఒక్కో కంటిలో వేలు పెట్టి చూస్తూ వచ్చాడు. తొమ్మిది సమంగా ఉన్నాయి. పదోది కాస్త వదులు.

"చిటికెనవేలు ఇంకా మందంగానే ఉంది," అంది ఆమె, అడక్కముందే.

ఆయన తలాడించాడు. "వస్తుందనే నా నమ్మకం. తొందరగా తీశాం కాబట్టి. కాని నేను డాక్టర్ని కాదు, ఆ మాట డాక్టరుకీ చెప్పండి. వేట మొదలయ్యాక ఒకరోజు వచ్చి చూస్తాను."

"నన్నా?"

"వేలిని."

దొమింగ తన మంచంమీంచి ఆ వల ముక్కకేసి చూసి, "ఇంత చిన్న వలకి ఏ చేపా పడదు," అంది. "సాసేజి కట్టుకోడానికి పనికొస్తుంది. ఇటిచ్చెయ్."

ఎస్కర్నె ఇచ్చేసింది.

*

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన బస్సు దిగి రేవుకి వచ్చాడు. ఆదివారాలు వేసుకునే మంచి కోటు వేసుకున్నాడు. పడవలు రాత్రి వేటనుంచి వచ్చి నిద్రపోతున్నాయి. రాళ్ళమీద నల్లటి వలలు గుట్టలుగా, వాటి మధ్య చాపిన కాళ్ళతో పదకొండుమంది ఆడవాళ్ళు. దూరంనుంచే ఆయన మొహాలు చూడకుండా చేతులు చూస్తూ నడిచాడు. గోడవారన ఆగాడు.

ఎడమచేతి చివరి రెండు వేళ్ళు కన్ను కొలుస్తున్నాయి. చిటికెనవేలు ఉంగరపు వేలితో పాటు వంగుతోంది, దానితో పాటే లేస్తోంది. వెనకబడటం లేదు. ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎస్కర్నెకి ఆయన నీడ కనబడింది. తల ఎత్తలేదు, చూసుకోనిచ్చింది.

"రెండు వారాలు పట్టింది," అంది చివరికి. "ఒకరోజు పొద్దున కాఫీ కప్పు చుర్రుమంటే తెలిసింది, వచ్చేసిందని."

"భుజం?"

"కొంత్చికి చెప్పేశాను. మెట్లమీద పడ్డ సంగతి అంతా. బెండ్ల వైపు పొమ్మంటుందనుకున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "కొంత్చి నాకేసి చూసి, 'అయితే అటు తిరిగి కూర్చో, ఎడమచెయ్యి చాపక్కర్లేకుండా' అంది. అని కాసేపాగి, తన మోకాళ్ళు ఆరేళ్ళుగా చంపేస్తున్నాయని చెప్పింది. ఇంక చూడాలి. ఆ రోజు సాయంత్రం దాకా ఈ వరసంతా ఒకటే మూలుగు. ఒకామె నడుం, ఒకామె మెడ. నలభై ఏళ్ళ బాకీ ఒక్కరోజులో తీర్చేశారు."

"మేం వింటున్నాం," అంది వరసలోంచి ఒక గొంతు. "ఆయన్ని నిలబెట్టే మాట్లాడతావా?"

ఎస్కర్నె పక్కనున్న వల మడతని కొంచెం జరిపింది. బాలెందిన్ కోటు విప్పి మడిచి గోడమీద పెట్టాడు. బూట్లు విప్పాడు, మేజోళ్ళు కూడా. నెమ్మదిగా, ఒక చెయ్యి గోడకి ఆనించి, రాళ్ళమీద కూర్చుని కాళ్ళు చాపాడు. వల అంచుని తన తెల్లటి కాలివేళ్ళ మధ్య ఇరికించుకోబోయాడు. అది జారిపోయింది. మళ్ళీ ఇరికించాడు. వరసలో నవ్వులు పుట్టి, ఒకరినుంచి ఒకరికి పాకి, చివరి మనిషి దగ్గర ఆగాయి. నీళ్ళమీద ఎండ చిన్న చిన్న కళ్ళుగా తెగి, కలిసి, తెగుతోంది.

"ఎంతసేపు కూర్చుంటారేంటి?" అడిగింది ఎస్కర్నె, సూది ఆపకుండానే.

"పావుగంట," అన్నాడు. వలవైపు కాకుండా తన ఒంటిలోకి చెవి పెట్టి వింటున్నాడు. నిమిషం కూడా కాలేదు, ఆమెకేసి తిరిగాడు.

"ఎడమ తుంటి కింద కాస్త వల మడిచి పెట్టండి తల్లీ. రాయి ఒత్తుకుంటోంది."